సీసా మీద మంగమ్మ పేరు

తిరుపతి వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చానంటే మా తెనాలిలో ఎవరూ నమ్మలేదు. మాది క్రైస్తవ కుటుంబమని తెలిసిన పక్కింటివాళ్ళు కూడా లడ్డు కోసం గిన్నె పట్టుకుని వచ్చారు. వైను పని మీద వెళ్ళానని చెప్పాక గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది చదివాకైనా వాళ్ళు నాతో మాట్లాడతారని ఆశ.

నన్ను పిలిపించినవాడు మునిరత్నం. మా తమ్ముడితో కలిసి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. నన్ను సొంత అక్కలాగే చూస్తాడు. అతని ఊరు పలమనేరు దాటినాక, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. ఇల్లు ఆంధ్రాలో, పొలం కర్ణాటకలో, మధ్యన ఒక గట్టు. పొలం నిజానికి అతని భార్య మంగమ్మది. పసుపుకుంకుమల కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన భూమి. రిటైరయ్యాక మునిరత్నం అందులో ద్రాక్ష వేశాడు, చిన్న వైనరీ కట్టాడు. అక్కడి ప్రభుత్వం అడిగినవన్నీ చూసి అన్ని అనుమతులూ ఇచ్చింది. సీసా మీద భార్య పేరే వేయించాడు.

ఇప్పుడతనికి ఒకటే పట్టుదల. ఆ సీసా పలమనేరు దుకాణంలో కనబడాలి. అయితే మద్యం విషయంలో ప్రతి రాష్ట్రం ఒక దేశం. లేబుల్ విడిగా ఒప్పించుకోవాలి, పన్ను విడిగా కట్టాలి, మూత మీద అంటించే ముద్ర కూడా వేరే. అందుకని రోజూ ఆంధ్రాలో భోంచేసి ఆంధ్రాలో నిద్రపోయే మునిరత్నం, ఆంధ్రా ప్రభుత్వం లెక్కలో పరరాష్ట్ర ఉత్పత్తిదారుడు.

"అక్కా, ఊర్లో అందరూ అది నా పొలమనే అనుకుంటాండారు," అన్నాడు ఫోనులో. "ఆమెదని ఒక్క నాకొడుకూ అనడు. ఆమె పేరుండే సీసా మా ఊరి అంగట్లో నిలబడాల. లేబుల్ మీద తెలుగు నువ్వే రాయాల."

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషిని ఇలా అడిగితే ఇంకేం ఆలోచిస్తుంది? సంచి సర్దుకున్నాను.

తిరుపతి: రసం

లాడ్జి కౌంటరులో ఉన్నతను తలెత్తకుండా "దర్శనమా?" అన్నాడు. కాదన్నాను. "గుండా?" అన్నాడు. నా జడ తడుముకుని కాదన్నాను. ఈసారి తలెత్తి, "ఆసుపత్రా అమ్మా?" అన్నాడు జాలిగా. తిరుపతికి మనిషి రావడానికి ఈ మూడే కారణాలున్నట్టున్నాయి. ఎక్సైజు వాళ్ళతో పని అని చెప్పాను. గది ఇచ్చాడు గానీ అడ్వాన్సు రెండింతలు తీసుకున్నాడు.

పొద్దున్నే మునిరత్నం ఖాళీ సీసాతో వచ్చాడు. నిండు సీసా తేవాలంటే పర్మిట్ కావాలట. ఆ పర్మిట్ కోసమే మా ప్రయాణం. ఖాళీ సీసాకి నేను రాసిచ్చిన తెలుగు లేబుల్ అంటించి ఉంది. 'మంగమ్మ' అని పెద్దగా, దాని కింద 'సహజ ద్రాక్షారసం' అని చిన్నగా. ముచ్చటగా ఉందని నాకే అనిపించింది.

ఊళ్ళో ఎక్సైజు ఆఫీసులో గుమస్తా ఆ లేబుల్ని రెండుసార్లు చదివాడు. మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఇది రసం గదా మేడమ్. రసానికి మా దగ్గర పర్మిషన్ లేదు."

పక్కన ఫైళ్ళు మోస్తున్న అటెండరు ఆగాడు. "మా ఇంట్లో మిరియాల రసం పెడతారు, ఉలవల రసం పెడతారు. ద్రాక్షతో పెట్టంగా వినలేదే. అన్నంలోకి బాగుంటాదా మేడమ్?"

మా తెనాలిలో చారు అనే వస్తువుని ఇక్కడ అరవవాళ్ళ లాగా రసం అంటారని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ద్రాక్షారసమంటే వైనే బాబూ, మా చర్చిలో పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, అన్నాను.

"చర్చికి రూల్సు వేరే మేడమ్. రసమని మీరే రాసినారు. రాసింది చదవాల గదా నేను," అన్నాడు గుమస్తా. కాసేపు ఆలోచించి దారి కూడా చూపించాడు. జూసుల సంగతి చూసే ఆఫీసు చిత్తూరులో ఉంది. వాళ్ళు ఇది జూసు కాదని రాసిస్తే, అప్పుడు ఇది మందని వీళ్ళు నమ్ముతారు.

బయటికొచ్చాక మునిరత్నం, "ఒక్క మాట మార్చేస్తే పోలేదా అక్కా?" అన్నాడు. మార్చనన్నాను. ఇన్నేళ్ళుగా సరిగ్గా వాడుతున్న మాటని గుమస్తా కోసం మార్చడానికి నాకు మనసొప్పలేదు. ఆ మొండితనం ఎంత పని చేసిందో ముందు ముందు చెబుతాను.

చిత్తూరు: జూసు

చిత్తూరు బస్సు చంద్రగిరి మీదుగా పోతుంది. కిటికీలోంచి కోట కనబడగానే మునిరత్నం నిట్టూర్చాడు. "రాజులు ఈడ కూసోని తాగింటారు గదక్కా. వాళ్ళనెవురైనా లేబుల్ అడిగినారా?" వెనక సీటులో ఆవిడ వేయించిన చెనిక్కాయలు (మా వైపు వేరుశెనక్కాయలంటాం) దోసెడు నా ఒళ్ళో పోసి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్నాయా అని అన్నీ అడిగింది. మా వైపు బస్సులో ఇన్ని ప్రశ్నలు అడిగితే సంబంధం చూడటానికొచ్చారేమో అనుకుంటాం.

జూసు ఆఫీసరు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. చిత్తూరంటే మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీలు. ఆయన సర్వీసంతా మామిడి రసం మీదే గడిచిందట. ద్రాక్ష అనగానే మొహం విప్పారింది.

"చక్కెర ఎంత కలిపినారు?"

"కలపలేదు సార్," అన్నాడు మునిరత్నం.

"రంగు?"

"లేదు సార్."

"నీళ్ళు?"

"సుక్క కూడా పోయలేదు సార్."

"అబ్బా! ఇట్లాంటి జూసు నేను పుట్టి బుద్ధెరిగినాక సూడలేదు. ఇప్పుడే రాసిచ్చేస్తా," అని పెన్ను తీశాడు.

మేము పర్మిషన్ వచ్చేసే ప్రమాదంలో పడ్డాం. ఒకసారి జూసని రాసేస్తే ఇక బ్రహ్మదేవుడు కూడా దాన్ని వైను చేయలేడు. నేను గొంతు సవరించుకుని, "సార్, అది పులియబెట్టింది," అన్నాను.

పెన్ను ఆగింది. "పులిసిందా? ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళుగా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "రెండేండ్లు పులిసిన జూసు జనాలకు తాపుతారా? ఏమప్పా, సదువుకున్నోడి మాదిరి ఉండావు! అంతా పారబోయాల. ట్యాంకులకు సీలెయ్యాల. యాడుండాది ఆ ఫ్యాక్టరీ?"

కర్ణాటకలో అన్నాం. అక్కడికి తన అధికారం చేరదని తెలిసి ఆయన దిగాలుపడి కూర్చున్నాడు. మునిరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెన్షను, పీఎఫ్, పెళ్ళాం భూమి, అన్నీ ఆ ట్యాంకుల్లోనే ఉన్నాయి. నాకూ భయం వేసింది. ఇక చేసేది లేక అది వైను సార్, వైను, వైను అని మూడుసార్లు చెప్పాను.

"వైనా? మరి రసమని ఏ మహానుభావుడు రాసినాడు?"

"ఎవురో తెనాలి లెక్చరరంట సార్," అన్నాడు మునిరత్నం నా వైపు చూడకుండా.

ఆఫీసరు మంచివాడే. చల్లబడ్డాక మాకు చెరో గ్లాసు మామిడి రసం ఇప్పించి, 'ఈ పదార్థము రసము కాదు' అని తెలుగులో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. నా జీవితంలో నా తెలుగు మీద పడిన అతి పెద్ద ఎర్ర సిరా గీత అదే.

చిత్తూరులోనే: వైన్ షాపు

సరే, వైను అనే రాద్దాం అనుకున్నాను. అయినా అది 'వైన్' అని పొల్లుతో రాయాలా, 'వైను' అని ఉకారంతో రాయాలా? సీసాల మీద ఎలా ఉందో చూస్తే పోతుందని, బస్టాండు దగ్గర 'వైన్స్' అని బోర్డున్న దుకాణానికి వెళ్ళాను. ఆ మధ్య సర్కారు నడిపి, మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చిన దుకాణాల్లో అదొకటి.

కళ్ళద్దాలు, నేత చీర, చేతిలో గొడుగుతో నేను రావడం చూడగానే వరుసలో నిలబడ్డ మగవాళ్ళు చీలిపోయి దారిచ్చారు. ఒకతను హెల్మెట్ పెట్టేసుకున్నాడు. ఇంకొకతను, "సారు ఈడ లేడు మేడమ్. ఆ వెనక పర్మిట్ రూములో సూడండి," అన్నాడు ఎంతో సాయం చేస్తున్నట్టు. ఒక కుర్రవాడు నా మొహం చూసి, "రేప్పొద్దన్నుంచి మానేస్తానమ్మా," అన్నాడు. నేను కళ్ళద్దాలు సర్దుకున్నానంతే.

కౌంటరు దగ్గరికెళ్ళి, "వైన్ ఉందా బాబూ?" అన్నాను.

"ఇది వైన్ షాపు మేడమ్," అన్నాడతను ఓపికగా. "వైను యాడుంటాది? బ్రాంది ఉండాది, విస్కీ ఉండాది, బీరుండాది."

వెనక్కి తిరిగి చూస్తే మునిరత్నం రోడ్డవతల నిలబడి ఉన్నాడు. ఈ అరల్లో ఎక్కడో ఒకచోట మంగమ్మ పేరు నిలబడాలని అతని కోరిక. బోర్డు మీద వైన్ ఉంది, లోపల లేదు. పొల్లు సంగతి బోర్డు చూసి తేల్చుకుని వచ్చేశాను.

ఆ పూట ఒక మెస్సులో రాగి సంగటి, ఊరుబిండి తిన్నాం. ఊరుబిండి అంటే చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు నూరిన పచ్చడి. గోంగూర తప్ప పచ్చడే లేదనుకునే మా గుంటూరు జిల్లా గర్వం ఆ ముద్దతో కాస్త తగ్గింది. డబ్బులివ్వబోతే మెస్సావిడ మజ్జిగ తాగలేదని గద్దించి కూర్చోబెట్టింది.

గట్టు మీద

మర్నాడు పలమనేరు దాటి మునిరత్నం ఇంటికి చేరాం. మంగమ్మ గుమ్మంలోనే నా సంచి లాక్కుని "రాక్కా, ఎండన పడి వచ్చినావు," అంది. పొట్టి మనిషి, పెద్ద బొట్టు. ఏటా కాలినడకన కొండెక్కుతుంది, వైను వాసన కూడా చూడదు.

సాయంత్రం గట్టు చూపించారు. అరుగంత వెడల్పు మట్టి గట్టు. ఇటు దిగితే ఆంధ్రా, అటు దిగితే కర్ణాటక. నా ఫోనుకి ఇటు కాలు పెడితే ఒక మెసేజి, అటు కాలు పెడితే ఇంకొకటి. మునిరత్నం అక్కడి రూలు వివరించాడు. ద్రాక్షపళ్ళు బుట్టల్లో ఎన్నయినా ఇటు రావచ్చు. అవే పళ్ళు ట్యాంకులో పడి పులిస్తే రాకూడదు. అందుకని రోజూ అవతల మంచం వేసుకుని ఒక గ్లాసు తాగి, గట్టు దాటి ఇంటికొచ్చి అన్నం తింటాడు.

"కడుపులో ఉండేదానికి ఇంకా ఎవురూ పర్మిట్ అడగలేదక్కా," అన్నాడు.

నేనూ అవతల మంచం మీద కూర్చుని సగం గ్లాసు తాగాను. చర్చిలో ఇచ్చే గుక్కెడు తప్ప నాకు అలవాటు లేదు. వగరుగా మొదలై, చివర నేరేడుపండులా నాలుక మీద నిలిచింది. బాగుంది. నిజంగా బాగుంది. ఇంత మంచి సరుకు ఇంటి గడప దాటలేకపోవడం చూసి నాకు ఒళ్ళు మండింది.

"మేయ్, సెంబుడు నీళ్ళు!" అని మునిరత్నం గట్టు మీదుగా కేకేశాడు. మంగమ్మ నీళ్ళు తెచ్చి, గట్టుకి ఇవతలే నిలబడి చెంబు అందించింది.

"సూడక్కా," అంది నాతో. "పెండ్లయినప్పట్నుంచీ ఇదే. మేయ్ అంటాడు. నా పేరు సీసాలకు రాసి ఊర్లు తిప్పుతాడంట గానీ, నోటితో ఒక్కనాడు పిలవలేదు."

మునిరత్నం నవ్వేశాడు. ఆమె వెళ్ళాక నాతో అన్నాడు, "పది మందిలో పెండ్లాం పేరు పలకాలంటే నోరు రాదక్కా. సిగ్గు. సీసా మీదయితే అచ్చేసినోడు పలుకుతాడు, అమ్మేవాడు పలుకుతాడు."

మా వైపూ ఏమే, ఒసే, ఇదిగో అనే మొగుళ్ళే ఎక్కువ. మా ఆయన మాత్రం నన్ను పేరు పెట్టే పిలిచేవారు. ఆయన పోయాక ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకడం లేదు. మిగతా గ్లాసు ఖాళీ చేశాను.

మంగమ్మ చెంబు కోసం మళ్ళీ గట్టు దగ్గరికొచ్చేసరికి తిరుపతి గుమస్తా ఫోను చేశాడు. చిత్తూరు నుంచి మేం ఫోనులో పంపిన రసము కాదన్న కాగితం చూశారట, మందని ఒప్పుకున్నారట. అయితే భూమి, వైనరీ అన్నీ మంగమ్మ పేరున ఉన్నాయి కాబట్టి ఉత్పత్తిదారు స్వయంగా రావాలట. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొండకు నడిచివెళ్ళే మంగమ్మే ఇన్నాళ్ళూ పరరాష్ట్ర మద్యం ఉత్పత్తిదారు.

"నేనా? సారాయి కాసేదాన్నా?" అని ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి గట్టు మీద కూలబడింది.

మళ్ళీ తిరుపతి: పేరు

ఈసారి పెద్ద ఆఫీసరు గదిలోకే పిలిచారు. నిలువు నామం పెట్టుకున్న పెద్దమనిషి. మంగమ్మని చూసి నమస్కారం పెట్టి, సీసా చేతిలోకి తీసుకుని, లేబుల్ చదివి, సీసాకి కూడా నమస్కారం పెట్టబోయి ఆగిపోయాడు.

"ఇదేంది స్వామీ? మంగమ్మంటే అలమేలు మంగమ్మ గదా! అమ్మవారి పేరు మందు సీసా మీదా? దేవతల పేర్లు కుదరవు."

"దేవత కాద్సార్, ఈమే మంగమ్మ," అని మునిరత్నం భార్యని వేలుపెట్టి చూపించాడు. అప్పుడు కూడా పేరు కిందికే చూస్తూ గొణిగాడు.

"ఈ ఊర్లో ఎవురు మంగమ్మ కాదు? బయట ఊడ్చే ఆమె మంగమ్మ. మా ఇంట్లోవాళ్ళు మంగతాయారు. ఈ కాగితం మీద నేను సంతకం చేసినానని తెలిస్తే ఈ పూట నాకు కూడు పుట్టదు."

మునిరత్నం బతిమాలాడు. పొలం ఆమెదని, పేరు తీసేస్తే తను చేసినదానికి అర్థమే లేదని, కావాలంటే ఇంటి పేరు కూడా కలుపుతామని అన్నాడు. ఆఫీసరు బాధగానే తల అడ్డంగా ఊపాడు. మునిరత్నం సీసాని గుండెకానించుకుని నిలబడ్డాడు.

అప్పుడు మంగమ్మ మాట్లాడింది.

"సామీ, ఈయన నన్ను ఆ పేరుతో ఏనాడూ పిలిసిందే లేదు. నన్ను పిలిసేది మేయ్ అని. ఆ పేరుండే దేవత ఎవురైనా ఉండాదేమో సూడండి."

ఆఫీసరు గుమస్తాని పిలిచాడు. మేయ్ అనే దేవుడు గానీ, దేశనాయకుడు గానీ, మందుబిళ్ళ గానీ ఉన్నాయేమో ఆలోచించమన్నాడు. గుమస్తా ఆలోచించి లేరన్నాడు. తర్వాత ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు తెలుగు లెక్చరరంట గదా. ఆ మాటకు అర్థమేంది మేడమ్?"

"అర్థమేమీ లేదండీ," అన్నాను. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకునే చెప్పాను. "సంబోధన. పిలుపు, అంతే."

"అర్థం లేకపోతే మంచిదే. ఎవురూ గొడవ చేయరు," అని ఆయన 'మంగమ్మ' కొట్టేసి 'మేయ్' అని రాశాడు. కింద నేను 'వైన్' అని పొల్లు పెట్టి రాశాను. పేరుకు అభ్యంతరం లేదని రాసి పైకి పంపుతానన్నాడు. మునిరత్నం చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు గానీ మొహంలో కళ లేదు. అతను గెలిచింది సీసా, పోగొట్టుకుంది పేరు.

పంపినప్పటి నుంచీ కాగితం పైనే ఉందట. సీసాలు గట్టుకి అవతలే ఉన్నాయి.

తిరుచానూరు

ఇంతదూరం వచ్చి అమ్మవారిని చూడకుండా పోకూడదని మంగమ్మ పట్టుబట్టింది. వాళ్ళిద్దరూ గుడిలోకి వెళ్తే నేను బయట మూడు జతల చెప్పులకి కాపలా కూర్చున్నాను. దర్శనమయ్యాక మునిరత్నం ఒక్కడే వచ్చాడు. గాజుల అంగళ్ళ వైపు తిరిగిందట, జనంలో తప్పిపోయిందట.

"మేయ్!" అని కేకేశాడు. ఎవరూ తిరగలేదు. ఆ వీధిలో ప్రతి మొగుడూ మేయ్ అనే అరుస్తున్నాడు. ఇంకోసారి అరిచాడు. దూరంగా ఆమె ఆకుపచ్చ చీర జనంతో పాటు ముందుకు పోతోంది.

మునిరత్నం నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. అతను గొంతు సవరించుకున్నాడు, చుట్టూ చూశాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"మంగా!"

పూలమ్మే ఆవిడ తిరిగింది. కండక్టరు చొక్కా వేసుకున్న అమ్మాయి తిరిగింది. కర్ర పట్టుకున్న ముసలమ్మ తిరిగి, "ఏం నాయనా?" అంది. ఆకుపచ్చ చీర మాత్రం కదలకుండా అక్కడే నిలబడిపోయింది.

మునిరత్నం ఇక సిగ్గు వదిలేశాడు. వీధి వీధంతా వినబడేలా, "మంగమ్మా!" అని అరిచాడు.

ఆమె అప్పుడు తిరిగింది. నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. "మొదటిసారి వినబళ్ళేదా?" అని అతను కసిరితే, కొత్త గాజులు చూపించింది.

ఆటోలో మునిరత్నం ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మంగమ్మ వెనక నా పక్కకి జరిగి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"మొదటిసారే వినబడిందక్కా. ఇంకోతూరి పిలుస్తాడని నిలబడినా."